ఒంటరిగా కొంటున్న కొట్లు

కిరాణా కొట్టు పని అయిపోయిందని చెప్పడం ఇప్పుడు లోకజ్ఞానం కింద చెలామణీ అవుతోంది. టీవీ చర్చల్లో, వ్యాపార పత్రికల్లో, పెళ్లి భోజనాల దగ్గర ఇదే మాట. పది నిమిషాల్లో పప్పూ ఉప్పూ గుమ్మంలోకి వస్తుంటే వీధి చివరికి ఎవరు నడుస్తారు? డీమార్ట్‌లో ఎమ్మార్పీ మీద తగ్గించి ఇస్తుంటే శెట్టిగారికి పూర్తి ధర ఎవరు కడతారు? చిన్నది పోతుంది, పెద్దది నిలుస్తుంది, కొనేవాడే తేల్చేశాక మనం బాధపడి లాభం లేదు అంటారు. ఆ వెంటనే ఒక ఊరడింపు కూడా ఇస్తారు: తెలివున్న కొట్టువాళ్లు ఏదో ఒక పెద్ద కంపెనీ యాప్‌లో చేరి బతికి బట్టకడతారని.

ఈ వాదంలో మొదటి సగాన్ని చరిత్ర ఒప్పుకోదు. రెండో సగాన్ని నమ్మిన కొట్టు యజమాని తన గల్లా తాళాన్ని తన పోటీదారుకే అప్పగిస్తాడు.

కష్టం మాత్రం నిజం. దేశంలో కోటికి పైగా ఉన్న కిరాణా దుకాణాల్లో ఒక్క ఏడాదిలో సుమారు రెండు లక్షలు మూతపడ్డాయని ఆలిండియా కన్జ్యూమర్ ప్రొడక్ట్స్ డిస్ట్రిబ్యూటర్స్ ఫెడరేషన్ 2024 అక్టోబరులో అంచనా కట్టింది. అన్నిటికంటే గట్టి దెబ్బ మహానగరాలకే తగిలిందని కూడా చెప్పింది. అది ఒక పక్షం చెప్పిన లెక్కే కావచ్చు. కానీ అవతలి వైపు దిగుతున్న డబ్బును చూస్తే ఆ భయం ఉత్తుత్తిది కాదని తెలుస్తుంది. జెప్టో ఒక్క 2024లోనే 100 కోట్ల డాలర్లకు పైగా పెట్టుబడి తెచ్చుకుంది. 2022లో జొమాటో 4,447 కోట్ల రూపాయల విలువకు బ్లింకిట్‌ను కొనుక్కుంది. పెట్టుబడిదారుల సొమ్ముతో నష్టాలు పూడ్చుకుంటూ తగ్గించిన ధరను కొనుగోలుదారు తీర్పు అనడం అన్యాయం. ఆ ధర వెనకాల ఎవరో నష్టం మోసినన్నాళ్లే ఉంటుంది.

సరే, ఆ డబ్బును పక్కన పెట్టి మామూలు వ్యాపారం సంగతే చూద్దాం. ధరలో తేడా ఎక్కడ పుడుతోంది? కొట్టు నడిపే ఖర్చులోనైతే కాదు. కిరాణా కొట్టులో ఏసీ లేదు, బిల్లింగ్ కౌంటర్ల వరస లేదు, పార్కింగ్ స్థలానికి అద్దె లేదు. పొద్దున్నే భర్త షట్టర్ తీస్తాడు, మధ్యాహ్నం భార్య కూర్చుంటుంది, సాయంత్రం కాలేజీ నుంచి వచ్చిన కొడుకు సరుకు తూస్తాడు. ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఎవరికి జీతం ఎన్నో తారీఖున పడుతుందో ఆ కొట్టుకు తెలుసు. తెలంగాణలో ఉద్దెర అన్నా, కోస్తాలో అరువు అన్నా, ఖాతా పుస్తకం నమ్మకం మీద నడిచేది ఇక్కడే. ఇంత తక్కువ ఖర్చుతో, ఇంత దగ్గరి పరిచయంతో సరుకు అమ్మగలిగిన ఏర్పాటు మరొకటి లేదు. ఆ కొట్టు ఓడిపోయేది కొనే దగ్గర.

2021 చివర్లో అదే ఫెడరేషన్ పెద్ద కంపెనీలకు రాసిన లేఖలో ఈ గుట్టు బయటపెట్టింది. తమ ద్వారా చిన్న కొట్లకు దక్కేది 8 నుంచి 12 శాతం మార్జిన్ అయితే, ఆన్‌లైన్ టోకు కంపెనీలు 15 నుంచి 20 శాతం ఇవ్వగలుగుతున్నాయన్నది వారి ఆరోపణ. ఒకే సబ్బు, ఒకే టూత్‌పేస్టు, ఒకే ఫ్యాక్టరీ. ఎంత కొంటారు, ఎప్పుడు డబ్బు కడతారు అన్నదాన్ని బట్టి రెండు ధరలు. డీమార్ట్ విజయ రహస్యంలో సగం ఇక్కడే ఉంది: లోడ్ల కొద్దీ కొంటుంది, సరఫరాదారుకు త్వరగా డబ్బు చెల్లిస్తుంది, అందుకు తగ్గింపు రాబట్టుకుంటుంది. మరి కాలనీ కొట్టు? రెండు బస్తాలు తెప్పిస్తుంది, డిస్ట్రిబ్యూటర్ సేల్స్‌మ్యాన్ పెట్టిన గడువులో కడుతుంది, పెద్ద ఎత్తున కొన్నవాళ్లకు దక్కే స్కీము ఈ కొట్టుకు అందదు. ఇది పరిమాణం సమస్యే. కాకపోతే కొట్టు పరిమాణం కాదు, ఆర్డరు పరిమాణం. కొట్టును పెంచకుండా ఆర్డరును పెంచే ఉపాయం నూట పాతికేళ్ల కిందటే దొరికింది.

1898లో బెర్లిన్ నగరంలో 21 మంది చిన్న సరుకుల వ్యాపారులు కలిసి ఒక కొనుగోలు సంఘం పెట్టుకున్నారు. ఎవరి కొట్టు వారిదే, ఎవరి లాభం వారిదే. టోకున కొనేటప్పుడు మాత్రం అందరిదీ ఒకటే ఆర్డరు. అలాంటి సంఘాలన్నీ 1907లో లైప్‌జిగ్‌లో కలిసి ఒక సమాఖ్య అయ్యాయి. దాని పేరు ఎడెకా. ఇవాళ జర్మనీలో కిరాణా వ్యాపారంలో మొదటి స్థానం దానిదే. ఏడాదికి 7,000 కోట్ల యూరోలకు పైబడిన అమ్మకాలున్న ఈ సంస్థకు యజమానులు వేల సంఖ్యలో ఉన్న స్వతంత్ర దుకాణదారులు. ముందు వరసలో ఉన్న రేవే కూడా 1927లో కొనుగోలు సహకార సంఘాల కలయికగానే పుట్టింది. ప్రపంచంలోకెల్లా పెద్ద చిల్లర వ్యాపార సంస్థ వాల్‌మార్ట్ 1997లో జర్మనీలో అడుగుపెట్టి, తొమ్మిదేళ్లు తంటాలుపడి, సుమారు 100 కోట్ల డాలర్ల నష్టంతో 2006లో దుకాణాలన్నీ అమ్మేసి వెళ్లిపోయింది. దాని ఓటమికి ఇతర కారణాలు చాలా ఉన్నాయి. అయితే పెద్దది వస్తే చిన్నవాళ్లు పోక తప్పదన్న సూత్రం ఆ దేశంలో పనిచేయలేదన్నది మాత్రం కాదనలేని సత్యం.

జర్మనీ ఒక్కటే అయితే అది వాళ్ల క్రమశిక్షణ గొప్పదనమని తీసిపారేయవచ్చు. ఇటలీలో 1962లో బొలోన్యాలో చిల్లర వర్తకులు పెట్టుకున్న సహకార సమాఖ్య కొనాద్. ఇవాళ ఆ దేశంలో మొదటి వరస కిరాణా సంస్థ అదే. 2019లో ఫ్రెంచి దిగ్గజం ఓషాన్ ఇటలీ వదిలి వెళ్తుంటే ఆ దుకాణాలను కొన్నదీ కొనాదే. ఫ్రాన్సులో 1949లో లాండర్నో అనే చిన్న పట్టణంలో ఎడ్వార్ లెక్లెర్ మొదలుపెట్టిన ఉద్యమంలో ఒక్కో దుకాణం ఒక్కో స్వతంత్ర యజమానిది. కొనుగోలు ఉమ్మడిది. అక్కడ కూడా అదే అగ్రస్థానం. ఐరోపాలో మూడు పెద్ద మార్కెట్లు. మూడింటా ముందున్నది కలిసి కొన్న దుకాణదారులే. ఇంత పెద్ద వాస్తవం మన వ్యాపార విశ్లేషణల్లో ఎప్పుడూ కనిపించకపోవడం ఆశ్చర్యం.

అమెరికా సంగతి ఇంకా బోధపరుస్తుంది. 1930 నాటికి అక్కడ ఏ అండ్ పీ అనే గొలుసుకట్టు సంస్థకు పదిహేను వేలకు పైగా దుకాణాలు. వీధి కొట్లకు కాలం చెల్లిందని అప్పుడు కూడా అందరూ అన్నారు. 1926లో ఫ్రాంక్ గ్రైమ్స్ అనే ఆడిటర్ కొందరు టోకు వర్తకులనూ చిల్లర వర్తకులనూ ఒకచోట చేర్చి ఐజీఏ అనే కూటమి కట్టాడు. 1946 చివర్లో న్యూజెర్సీలో కొద్దిమంది కొట్టువాళ్లు తలా వెయ్యి డాలర్లు వేసుకుని వేక్‌ఫర్న్ అనే ఉమ్మడి గిడ్డంగి పెట్టుకున్నారు. ఈరోజు ఆ ప్రాంతంలో షాప్‌రైట్ బోర్డుతో కనిపించే సూపర్‌మార్కెట్లు ఆ సహకార సంస్థ సభ్యులవి. ఎడిసన్, జెర్సీ సిటీ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలకు ఆ బోర్డు బాగా తెలుసు. దాని వెనకాల కొట్టువాళ్ల సంఘం ఉందన్న సంగతి తెలిసినవాళ్లు తక్కువ. ఏ అండ్ పీ 2015లో రెండోసారి దివాలా తీసి పూర్తిగా మూతపడింది. ఐజీఏ, వేక్‌ఫర్న్ రెండూ ఉన్నాయి.

పెద్దదే నిలుస్తుందన్న నమ్మకానికి మన దేశమూ సాక్ష్యం చెప్పదు. 1,600 దుకాణాలతో దేశమంతా పరుచుకున్న సుభిక్ష 2009లో కుప్పకూలింది. హైదరాబాద్‌లో ఇంటింటా తెలిసిన త్రినేత్రను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొన్నాక ఆ పేరే లేకుండా పోయింది. బిగ్ బజార్ నడిపిన ఫ్యూచర్ రిటైల్ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. వీటిలో సరుకులు కొన్న కాలనీల్లో వీధి చివరి కొట్టు ఇంకా తెరిచే ఉంది.

ఇక్కడ ఇంకో అభ్యంతరం వస్తుంది. అందరికంటే బలంగా వినిపించేది ఇదే: మనవాళ్లు కలవరు. ఎదురెదురు కొట్లవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోరు, కలిసి బస్తా ఎలా కొంటారు? పైగా సహకార సంఘమంటే సర్కారు ఆఫీసు, అవినీతి, సూపర్ బజార్లలో ఖాళీ అరలు.

కలవరన్న మాట తెలుగునేల మీద అనగలిగినవాళ్లు డ్వాక్రా సంఘాలను మరిచిపోయి ఉండాలి. అక్షరం రాని ఆడవాళ్లు చిన్న చిన్న పొదుపులతో మొదలుపెట్టి బ్యాంకులను తమ ఊరికి రప్పించుకున్నారు. ముల్కనూరులో ఎ.కె. విశ్వనాథరెడ్డి చొరవతో 1956లో మొదలైన రైతు సహకార సంఘం అప్పుల దగ్గర్నుంచి పంట అమ్మకం దాకా నడిపి నిలిచింది. అదే ముల్కనూరులో 2000లో మహిళలు పెట్టుకున్న పాల సహకార సంఘం స్వకృషి పేరుతో పాలు అమ్ముతోంది. ఆ మహిళల సంఘం ఏ చట్టం కింద పుట్టిందో గమనించాలి. ప్రభుత్వ జోక్యం లేకుండా సభ్యులే నడుపుకునే సహకార సంఘాల కోసం దేశంలో మొదటి చట్టం తెచ్చింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. అది 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం. ఆ చట్టం కింద ఏర్పడే సంఘంలో సర్కారు వాటా ఉండదు. వేర్వేరు కుటుంబాలకు చెందిన పది మంది చేరితే నమోదు చేసుకోవచ్చు. సూపర్ బజారు చచ్చిపోయింది సహకారం వల్ల కాదు, సభ్యుల చేతిలో ఏ అధికారమూ లేకపోవడం వల్ల. ఆ రోగానికి మందు తెలుగువాళ్లే కనిపెట్టి ముప్పై ఏళ్లయింది. కిరాణా వర్తకులు మాత్రం ఇంకా వాడలేదు.

మన వర్తకులు కలవలేదనడం కూడా పూర్తిగా నిజం కాదు. వాళ్లు కలుస్తారు, బంద్ కోసం, బహిష్కరణ కోసం. 2022 జనవరిలో మహారాష్ట్రలో డిస్ట్రిబ్యూటర్లు కోల్గేట్ సరుకుల్లో కొన్నిటిని ఆపేసి, ధరల తేడా సంగతిని దేశమంతా మాట్లాడుకునేలా చేశారు. 2025 మార్చిలో ఫెడరేషన్ క్విక్ కామర్స్ కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్‌కు ఎక్కింది. ఇవి అవసరమైన పోరాటాలే. కానీ ఐక్యత అంతా ఫిర్యాదుకే ఖర్చయిపోతోంది. మందుల దుకాణాల సంఘాల చరిత్ర ఇంకా హెచ్చరికలాంటిది. కొత్త డీలరు రావాలంటే తమ అనుమతి పత్రం కావాలని పట్టుబట్టిన ఆ సంఘాలను కాంపిటీషన్ కమిషన్ పదే పదే తప్పుపట్టి జరిమానాలు వేసింది. అవతలివాడిని అడ్డుకునే ఐక్యతకు చట్టం ఒప్పుకోదు. అమ్మకం ధర అందరూ కలిసి కట్టుకోవడానికీ ఒప్పుకోదు. కలిసి కొనడం అలాంటిది కాదు, దానివల్ల సరుకు చవకవుతుంది.

ఇక యాప్‌లో చేరి బతకమన్న సలహా. 2023లో రిలయన్స్ 2,850 కోట్ల రూపాయలకు మెట్రో క్యాష్ అండ్ క్యారీ భారత వ్యాపారాన్ని కొనేసింది. గుంటూరు, విజయవాడ, హైదరాబాద్‌లలో చిన్న కొట్లకు టోకున అమ్మిన బెస్ట్ ప్రైస్ 2020లో వాల్‌మార్ట్ నుంచి ఫ్లిప్‌కార్ట్ చేతికి మారింది. ఆ ఫ్లిప్‌కార్ట్ కూడా వాల్‌మార్ట్‌దే. అంటే కొట్టువాడు ఎవరి దగ్గర సరుకు కొంటున్నాడో వాళ్లే అతని వీధిలోకి నేరుగా డెలివరీ పంపుతున్నారు. ఏ కాలనీలో ఏ నూనె ఎన్ని లీటర్లు పోతుందో, పండగ ముందు బెల్లం ఎంత కదులుతుందో అన్న లెక్క ఆ కొట్టు ఆర్డర్ల ద్వారానే వాళ్లకు చేరుతోంది. ఇందులో కొట్టువాడికి దొరికే తగ్గింపు ఈరోజుది, అతను ఇచ్చే సమాచారం రేపటిది. సాంకేతికత వద్దని ఎవరూ అనడం లేదు. స్కానరు ఉండాలి, ఫోన్‌లో ఆర్డరు తీసుకోవాలి. ఆ లెక్కలు ఎవరి కంప్యూటర్‌లో ఉంటాయన్నదే ప్రశ్న.

కలిసి కొనడానికి మన దగ్గర రెండు దారులున్నాయి. ఒకటి ఎడెకా దారి: కొట్టువాళ్లే టోకు సంస్థ పెట్టుకోవడం. రెండోది 1932లో నెదర్లాండ్స్‌లో ఆడ్రియాన్ వాన్ వెల్ అనే టోకు వర్తకుడు వేసిన దారి. గొలుసు దుకాణాల పోటీకి తట్టుకోవడానికి అతను తన దగ్గర కొనే చిన్న కొట్లనే ఒక కూటమిగా చేశాడు. అదే స్పార్. హైదరాబాద్‌లో పెద్ద హైపర్‌మార్కెట్ల మీద కనిపించిన ఆ చెట్టు గుర్తు పుట్టింది వీధి కొట్లను కాపాడటానికి. బేగంబజార్, మలక్‌పేట గంజ్, విజయవాడ గొల్లపూడి హోల్‌సేల్ కాంప్లెక్సు, గుంటూరు పట్నం బజారులోని టోకు వర్తకులకు ఈ రెండో దారి తగినది. వాళ్ల సరుకు కొనే కొట్లు మూతపడితే వాళ్లూ మూతపడతారు. గిడ్డంగి వాళ్ల దగ్గర ఉంది, లారీ ఉంది, మిల్లు యజమానితో తరాల పరిచయం ఉంది. లేనిది తన దగ్గర కొనే వంద కొట్లతో ఒక రాతపూర్వక ఒప్పందం, తెరిచి చూపించే లెక్క.

మొదలు ఎక్కడ పెట్టాలి? బ్రాండు సబ్బులతో కాదు. వాటికి కంపెనీ పంచిన ప్రాంతాలున్నాయి, డిస్ట్రిబ్యూటర్లున్నారు, అక్కడ వెంటనే బేరం కుదరదు. బియ్యం, పప్పులు, మిర్చి, పసుపు, బెల్లం, నూనె డబ్బాలు: వీటిలో కంపెనీ పట్టు తక్కువ, చిన్న కొట్టు అమ్మకంలో వీటి బరువు ఎక్కువ. ఒక పట్టణంలో యాభై కొట్లు వారానికి పదేసి 26 కిలోల బియ్యం బస్తాలు తీసుకుంటే మొత్తం 13 టన్నులు. అది మిర్యాలగూడ మిల్లు నుంచి నేరుగా కదిలే లారీ లోడు. మధ్యలో చేతులు తగ్గుతాయి. తాండూరు కందిపప్పు, నిజామాబాద్ పసుపు, అనకాపల్లి బెల్లం, గుంటూరు మిర్చి అన్నీ ఒక రాత్రి ప్రయాణంలో ఉన్న నేల ఇది. సూపర్‌మార్కెట్ అరలో బెంగళూరు, ముంబయి ప్యాకెట్లుగా కనిపించే సరుకు మన మిల్లుల నుంచి వెళ్లినదై ఉండొచ్చు.

సరుకు మీద సంఘం పేరు వేసి ప్యాకెట్లు కడితే లాభం ఇంకా మిగులుతుంది. ఎడెకాకు సొంత ముద్ర సరుకు ముఖ్యమైన ఆదాయం. కానీ ఆ పనికి ఫుడ్ లైసెన్సు కావాలి, తూనికలు కొలతల శాఖ దగ్గర ప్యాకర్‌గా నమోదు కావాలి. 2022 జులై నుంచి 25 కిలోల వరకు ఉన్న, లేబుల్ వేసిన బియ్యం, పప్పుల ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ పడింది. బజారులో 26 కిలోల బస్తాలు కనిపించడం మొదలైంది అందుకే. ఈ పనులు ఒక కొట్టుకు భారం. యాభై కొట్లు కలిసి ఒక అకౌంటెంటును పెట్టుకుంటే అది ఒకరి నెలజీతం పని.

అప్పు సంగతి అన్నిటికంటే కష్టం. చాలామంది కొట్టువాళ్లు డిస్ట్రిబ్యూటర్ గడువు మీదే నడుస్తున్నారు. నగదు కట్టి సంఘంలో కొనమంటే చేతిలో రొక్కం ఉండదు. అందుకే మొదటి ఏడాది సంఘానికి కావలసింది సరుకు కన్నా తిరిగే పెట్టుబడి. వాటాధనం, దాని మీద సహకార బ్యాంకు అప్పు, సభ్యుడు వారంలో కట్టకపోతే మరుసటి లోడులో అతని వంతు ఆగే నియమం. స్నేహం కోసం ఆ నియమాన్ని ఒకసారి సడలిస్తే సంఘం అక్కడే కుంగుతుంది. ముల్కనూరు వసూళ్ల విషయంలో పట్టు విడవలేదు కాబట్టే దశాబ్దాలు నిలిచింది.

ప్రభుత్వానికి కూడా పని ఉంది. సబ్సిడీ పంచడం కాదు, పోటీదారును చంపడానికి నష్టానికి అమ్మడాన్ని ఆపడం. ఫ్రాన్సులో నష్టానికి అమ్మడాన్ని 1963 నుంచి చట్టం నిషేధించింది. జర్మనీ పోటీ నియంత్రణ సంస్థ 2000లో పాలు, వెన్న లాంటి నిత్యావసరాలను కొన్నధర కన్నా తక్కువకు అమ్ముతున్నారని వాల్‌మార్ట్, ఆల్డీ, లిడిల్‌లను ఆపించింది. మన 2002 నాటి కాంపిటీషన్ చట్టంలో ధర కోతతో పోటీదారును చంపడం తప్పే, కానీ ఆ కంపెనీ మార్కెట్‌లో పైచేయి సాధించిందని ముందు రుజువు కావాలి. ఆ రుజువు వచ్చేలోపు కాలనీలో కొట్లు ఉండవు. ముందు ఆ రుజువు అడిగే నిబంధనను సవరించడం కోసం వర్తక సంఘాలు పోరాడితే దానికి అర్థముంది.

ఈ దారిలో గుంటలున్నాయి. ఎడెకా ఇప్పుడు తానే ఎంత పెద్దదయిందంటే, మరో గొలుసు సంస్థను కొనబోతే 2015లో జర్మనీ నియంత్రణ సంస్థ అడ్డుకోవాల్సి వచ్చింది. బ్రిటన్‌లో లోండిస్ కథ ఇంకా చేదైనది. ఆ కొట్లవాళ్ల ఉమ్మడి సంస్థను 2004లో సభ్యులే ఐర్లండ్ కంపెనీ మస్‌గ్రేవ్‌కు అమ్ముకున్నారు. 2015లో అది బుకర్ అనే టోకు సంస్థ చేతికి వెళ్లింది. 2018లో ఆ బుకర్‌ను టెస్కో కొంది. లోండిస్ బోర్డు పెట్టుకున్న చిన్న కొట్టు ఇప్పుడు సరుకు తెచ్చుకునేది బ్రిటన్‌లోకెల్లా పెద్ద సూపర్‌మార్కెట్ సంస్థకు చెందిన గిడ్డంగి నుంచి. సభ్యులు ఒకసారి వాటా అమ్ముకుంటే ఉమ్మడి గిడ్డంగిని తిరిగి తెచ్చుకోవడం ఎవరివల్లా కాదు. కాబట్టి తెనాలిలోనో కరీంనగర్‌లోనో పది మంది కొట్టువాళ్లు కూర్చుని బైలాలు రాసుకునే రోజున మొదటి పేజీలోనే ఇది రాసుకోవాలి: కొట్టు నడుపుతున్నవాడికే వాటా, కొట్టు మూసినవాడి వాటా సంఘమే తిరిగి కొంటుంది, ఎంత సరుకు ఎత్తినా సభ్యుడికి ఓటు ఒకటే.